పక్షిగూటిలో మరొక కాపురము

వేసవి వచ్చుసరికి ఆమదాలవలస చెంత పారు నాగావళి సన్నని పాయగా మారి ఇసుకతిన్నెల నడుమ ఒదిగిపోవును. వానకాలమున నీరు కోసిన గట్లు అప్పుడు గోడలవలె నిలువుగా కనబడును. అట్టి గట్లలో, పిల్లల చేతులకు అందని యెత్తున, పిడికిలి పట్టీపట్టని రంధ్రములు కానవచ్చును. పసరికపిట్టలు ముక్కుతో మన్ను త్రవ్వి, కాళ్ళతో దానిని వెనుకకు చిమ్మి చేసికొను బొరియలవి. లకుముకిపిట్టలకును అట్టి చోటే యిష్టము. పొలముల నడుమ తాటిచెట్లకు గిజిగాని గూళ్ళు బుడ్డులవలె వ్రేలాడును. ఊరిలోనికి వచ్చినచో పెంకుటింటి చూరులో పిచ్చుక, గోడకంతలో గోరింక కాపురముండును. వరికంకులను కుచ్చులుగా అల్లి చూరునకు కట్టి, పిచ్చుకలను పిలిచి మేపు ఆచారము తెలుగుపల్లెలలో పూర్వమునుండి వచ్చుచున్నది.

ఒక పిచ్చుకగూటిలో ఎన్ని ప్రాణములున్నవని అడిగినచో, తల్లి, తండ్రి, నాలుగు పిల్లలు అని ఎవరైనను వ్రేళ్ళు మడచి చెప్పుదురు. ఆ లెక్క సరియైనది కాదు. గడ్డిపోచల నడుమను, రాలిన ఈకల క్రిందను, అడుగున చేరిన మట్టిలోను, కంటికి ఆనీయానని పురుగులు మరొక కాపురము చేయుచుండును. కొన్ని చెత్తను తినును. కొన్ని ఆ చెత్త తిను పురుగులను తినును. కొన్ని మాత్రము రాత్రివేళ కూనల రక్తము త్రాగును. ఐరోపాఖండమున ఒక్క గూటినుండి వందలకొలదిగా, ఒక్కొక్కప్పుడు వేలకొలదిగా ఏరిన రక్తపాయి యొకటి కలదు. అది గోమారి.

గోమారి యను పేరు వాడుకలో కుక్కను, పసరమును పట్టు పలువిధముల పురుగులకు చెల్లుచున్నది. కాని శాస్త్రజ్ఞులు వేరుచేసి చెప్పు గోమారికి ఆరు కాళ్ళుండును, రెక్కలుండవు. ఇరుప్రక్కల అదిమినట్లు పలుచనైన దేహముండుటచే ఈకల నడుమ, వెండ్రుకల నడుమ సులభముగా జారిపోగలదు. వెనుకకాళ్ళతో అది దుముకు దుముకు ప్రసిద్ధము. దాని రొమ్ములో రబ్బరువంటి పదార్థము కలదు. గోమారి దానిని కండరములతో అదిమి పట్టి, ఒక్కసారిగా వదలును. విల్లు ఎక్కుపెట్టి వదలినట్లే యగును. సెకనులో వేయవవంతు కాలములో ఆ పురుగు గాలిలో నుండును. ఇంగ్లండులో 1967లో ఈ సంగతి ప్రకటింపబడెను. అయినను అది మోకాళ్ళతో నేలను తన్నునా, పాదములతో తన్నునా యను వివాదము 2011 వరకు తెగలేదు. పాదములతోనే యని ఆ యేట కేంబ్రిడ్జిలో తీసిన చిత్రములు తేల్చినవి.

లోకములో సుమారు 2,500 జాతుల గోమార్లు కలవు. వానిలో నూటికి తొంబదికి మించి ఎలుకలు, కుందేళ్ళు మొదలగు పాలిచ్చు జంతువులను ఆశ్రయించినవే. పక్షులను నమ్ముకొన్నవి అయిదారు పాళ్ళు మాత్రమే. ఇంత తక్కువ యగుటకు కారణమేమని విచారించిన, పక్షుల నడవడిలోనే అది దొరకును.

ఎలుకకు కలుగు నిత్యమైన యిల్లు. పక్షికి గూడు అట్టిది కాదు, అది తొట్టిల. పిచ్చుక గ్రుడ్లు పొదుగుటకు పండ్రెండు దినములు, పిల్లలకు రెక్కలు వచ్చుటకు పదునైదు దినములు చాలును. పిల్లలెగిరిన పిదప గూడు పాడుపడును. ఏటిలో నెలయో, రెండు మూడు నెలలో మాత్రమే అన్నము దొరకు ఇంట గోమారి ఎట్లు బ్రతుకును? తక్కిన నెలలలో దాని గతి యేమి? పక్షితోపాటు ఎగిరిపోరాదా యన్నచో, పక్షి దేహము దానికి నిలువ నీడనీయదు. ముక్కుతో పొడిచి, కాలిగోళ్ళతో గీకి, దుమ్ములో పొరలి పక్షి దానిని వదలించుకొనును. ఇదియునుగాక, గోమారి పిల్లలు పక్షిమీద పెరుగజాలవు. అందుచే ఈ జాతి గోమారి పక్షిది కాదు, గూటిది. పక్షి దానికి భోజనశాల మాత్రమే. ఈ యొక్క సంగతిని పట్టుకొన్నచో దాని చరిత్ర అంతయు తెలియవచ్చును.

పక్షి గూటిలో చేరగానే ఆడుగోమారి రక్తము త్రాగి, ముత్యములవంటి తెల్లని గ్రుడ్లను గూటి చెత్తలో విడుచును. వానినుండి వెలువడు పిల్లపురుగులకు కాళ్ళు లేవు, కన్నులు లేవు. రక్తము పీల్చు ముక్కునులేదు. అవి చిన్న దవడలతో చెత్తను కొరికి తినును. వాటికి ముఖ్యాహారము మరొకటి కలదు. పెద్దగోమారి తనకు కావలసినదానికంటె ఎక్కువ రక్తము త్రాగి, మిగులును వెనుకనుండి విడుచును. ఆ బొట్లు ఎండి, నల్లని రవ్వలై, గూటి అడుగునకు రాలును. పిల్లపురుగులు వానిని ఏరుకొని తినును. బిడ్డలకు తల్లి చేయు ఉపకారమంతయు ఇదియే. పిల్లపురుగు మూడు దశలు పెరిగిన పిదప పట్టుదారము వంటి దారముతో తన చుట్టు సంచి అల్లుకొనును. ఆ దారము జిగటగా నుండుటచే దుమ్ము, ఈకలపొడి దానికి అంటుకొనును. అప్పుడు ఆ సంచి చెత్తలో చెత్తయై, వెదకువానికిని కనబడదు.

ఆ సంచిలోనే గోమారి పూర్ణరూపము పొందును. పొందియు వెంటనే బయటకు రాదు. లోపలనే కదలక, ఏమియు తినక, నెలలతరబడి వేచియుండును. శీతదేశములలో చలికాలమంతయు అది అట్లే గడపును. వెచ్చదనము తగిలినను, గూడు కదలినను సంచి చీల్చుకొని ఒక్క గంతున బయటపడును. పాత గూటిపై మరల పక్షి వ్రాలినదనుటకు అవియే గురుతులు. చాల దినములుగా మూసియున్న యింటిలో అడుగిడినవారిని గోమార్లు ఒక్కుమ్మడిగా కుట్టుటకును ఇదియే హేతువు.

ఈ నిరీక్షణమును బాగుగా చూడదగినచోటు ఇంగ్లండులోని ఇసుకగట్లు. నాగావళిగట్టున పసరికపిట్ట తొలచినట్లే అచ్చట వానకోవెల జాతి పిట్టయొకటి బొరియలు తొలచును. వందల జంటలు ఒకే గట్టున చేరును. శరత్కాలమున అవి సముద్రములు దాటి ఆఫ్రికాకు పోయి, వసంతమున తిరిగి వచ్చును. వాటి బొరియలలో నుండు గోమారికి మరే పక్షియు సరిపడదు. అది వేల మైళ్ళు ప్రయాణము చేయజాలదు, చేయనవసరమును లేదు. చలి తగ్గగానే సంచులనుండి వెడలి గోమార్లు బొరియల ముఖద్వారములకు వచ్చి, గుంపులుగా నిలుచును. ఆఫ్రికానుండి వచ్చిన పిట్టలు పాత బొరియల యెదుట రెక్కలల్లార్చుచు, లోపలికి చొరక, కొంతసేపు గాలిలో నిలుచుటను చూచినవారు కలరు. పిట్ట నీడ పడగానే గోమారి దుముకును. అందినది బ్రదుకును, అందనిది ఇసుకలో పడి నశించును. గోమార్లు నిండిన పాత బొరియను మాని, పిట్ట ప్రక్కనే క్రొత్తది తొలచుకొనుటయు కలదు. గట్టు విరిగిపడినను, పిట్టలు ఆ యేడు మరొక గట్టునకు పోయినను, ద్వారమున కాచియున్న గోమార్ల బ్రదుకు అంతటితో తీరును.

గోమార్లనుగూర్చి ఇంత శ్రద్ధ వహించిన వారెవరని సందేహము కలుగవచ్చును. ఇంగ్లండులో చార్లెస్ రాత్‌షైల్డ్ అను ధనికుడు ఈ పురుగులను లోకమంతటనుండి సేకరించెను. ప్లేగు వ్యాధిని వ్యాపింపజేయు ఎలుకగోమారికి 1903లో శాస్త్రనామమిడినవాడు ఆయనయే. ఆ గోమారి ప్లేగును మోయునని అంతకు ముందే, 1898లో, కరాచీ నగరమున సీమోన్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనియుండెను. చార్లెస్ కూతురు మిరియమ్ రాత్‌షైల్డ్ పాఠశాలకు పోక యింటనే చదివిన విదుషి. ఆమె థెరిసా క్లే యను మరొక శాస్త్రజ్ఞురాలితో కలిసి పక్షుల పరాన్నజీవులనుగూర్చి 1952లో ఒక గ్రంథము ప్రకటించెను. తండ్రి సేకరించిన గోమార్ల పట్టికను సంపుటములుగా వెలువరించెను. కుందేలుగోమారి గర్భిణియైన కుందేలు రక్తము త్రాగిననే దాని గ్రుడ్లు పక్వమగునని కనుగొన్న గౌరవమును ఆమెదే. గూటిగోమారికి అంతటి సూక్ష్మమైన గడియారము లేదు. దానికి గూటి వేడియే గడియారము.

ప్లేగు పేరు చెప్పగానే పక్షిగూటిని చూచి భయపడవలసిన పని లేదు. ప్లేగు ఎలుకజాతి జంతువుల వ్యాధి. గూటిగోమారి మనిషిని కుట్టిన దురదపెట్టును కాని, మనిషిమీద కాపురము చేయదు.

గోమారి గూటిది యైనందున, గూడు ఎట్టిదో దాని గతి అట్టిది. గోమారిపిల్లకు కొంత చెమ్మ కావలెను. చెమ్మ హెచ్చినచో చచ్చును. మిక్కిలి ఎండినను చచ్చును. కనుక చెట్టుతొఱ్ఱ, గోడకంత, ఇసుకబొరియ వంటి మరుగుచోట్లు దానికి అనుకూలములు. కొమ్మమీద ఆకాశమునకు నోరు తెరచియున్న గూడు అనుకూలము కాదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి చెంతనున్న తేలినీలాపురమున గూడబాతులు, ఎర్రకాళ్ళకొంగలు చెట్లతలల మీద పుల్లలతో కట్టు గూళ్ళు వానకు తడిసి, ఎండకు ఎండి, గాలికి చెదరుచుండును. అట్టిచోట గోమారి సంచి యేడాది నిలువదు. పెద్ద కొంగలగూళ్ళకు బెడద తెచ్చునది మరొకటి. ఈజిప్టు దేశమున పసులవెంట తిరుగు తెల్లకొంగలు గూళ్ళుకట్టు చెట్ల బెరడు పగుళ్ళలో ఒకజాతి పిడుదులు పగలంతయు దాగి, రాత్రి పైకెక్కి కూనల రక్తము త్రాగి తిరిగివచ్చును. గూటిలో చోటు లేనిది చెట్టుననే యిల్లు చేసికొన్నది.

పరాన్నజీవులన్నియు గూటనే పొంచియుండునని తలపరాదు. 2021 డిసెంబరునను 2022 జనవరిలోను తేలినీలాపురమున నూరుకు పైగా గూడబాతులు చచ్చిపడినవి. దానికి కారణము వాటి దేహములో చేరిన దారపుపురుగులు. గూటి రక్తపాయి పిల్లను పీల్చును. ఈ పురుగు పెద్దపక్షినే కూల్చెను.

పక్షిగోమార్లు హెచ్చుగా నుండునవి చలిదేశములు. ఉష్ణదేశపు గూళ్ళలో వాటి స్థానమును చాలవరకు మైటులు అను నలుసంత పురుగులు ఆక్రమించినవి. ఎనిమిది కాళ్ళు గల ఈ పురుగు గ్రుడ్డునుండి పెద్దదగుటకు వారము దినములు చాలును. అందుచే అది ఏడాది వేచియుండు ఉపాయమును వెదకలేదు. కూనలు గూటిలోనున్న పదునైదు దినములలోనే రెండు తరములు పెంచి వేలసంఖ్యకు చేరును. కూనలు ఎగిరిపోయిన పిదప అన్నములేక గోడవెంట దిగి, మంచములమీద ప్రాకి మనుష్యులను కుట్టును. చూరులో పిచ్చుకగూడు ఉన్న యింటివారికి ఈ దురద అనుభవములోనిదే. దాని మూలము చూరులో కలదని మాత్రము పలువురు ఎరుగరు.

పిల్లలకు కలుగు హాని యెంత? స్విట్జర్లాండు దేశమున బెర్న్ విశ్వవిద్యాలయమువారు 1990 దశకమున ఈ ప్రశ్నకు సమాధానము వెదకిరి. గ్రేట్ టిట్ అను పిచ్చుకయంతటి పిట్టకు వారు కొయ్యపెట్టెలు అమర్చిరి. దీని దాయాది మన తూర్పుకనుమలలోను కలదు. కొన్ని గూళ్ళను వేడిచేసి గోమార్లను చంపిరి. కొన్నింటిలో తామే గోమార్లను విడిచిరి. గోమార్లున్న గూళ్ళలో పిల్లలు బరువు తక్కువగా పెరిగినవి. అవి ఆకలిచే ఎక్కువగా అరచినవి. తండ్రిపిట్ట ఆ యరపు విని, పురుగులు తెచ్చు ప్రయాణములను ఇంచుమించు సగము పెంచెను. తల్లిపిట్ట రాత్రులు నిద్రమాని గూడు కెలికి గోమార్లను ఏరెను. అనగా గోమారి కూనల రక్తమునే కాక, తల్లి నిద్రను, తండ్రి శ్రమను కూడ త్రాగుచున్నదన్నమాట. ఎంచుకొను వీలున్నప్పుడు ఆ పిట్టలు గోమార్లులేని పెట్టెనే ఎంచుకొన్నవి. వీలులేనిచో గ్రుడ్లు పెట్టుట ఆలస్యము చేసినవి.

పక్షులకు మందులును కలవు. కలకత్తాలో పిచ్చుకలు పచ్చి వేపాకులను తెచ్చి గూటిలో పెట్టుచు, ఎండిన కొలది క్రొత్తవి చేర్చుచుండుటను చూచి ఒక పరిశీలకుడు 1981లో ప్రకటించెను. ధాన్యపుగాదెలో వేపాకు వేయు గృహిణి ఎరిగినదే పిచ్చుకయు ఎరిగినది కాబోలు. మెక్సికో నగరపు పిచ్చుకలు ఇంకొక అడుగు ముందుకు వేసినవి. అవి వీథులలో పారవేసిన సిగరెట్టు పీకలలోని దూదిని గూటిలో చేర్చును. పొగాకు విషము మిగిలియున్న ఆ దూది హెచ్చుగా నున్న గూళ్ళలో మైటులు తక్కువగా నున్నవని 2013లో తెలిసినది. అది కూనలకు కూడ విషమే యని తరువాత అనుమానములు పుట్టినవి. మందులన్నిటికి నిట్టి లోపము కలదు.

గూటిలో గోమారికిని శత్రువులు లేకపోలేదు. చెత్తలో తిరుగు కొన్ని నల్లని చిన్న పెంకుపురుగులు దాని పిల్లలను వేటాడి తినును.

ఇక ఊరికోడి సంగతి. ఉష్ణదేశములందు కోళ్ళనుపట్టు అంటుగోమారి యొకటి కలదు. అది మన దేశమునను కలదు. ఇది తక్కిన పక్షిగోమార్లవలె త్రాగి దిగిపోదు. ఆడుది కోడి తురాయివద్ద, కంటిచుట్టు ముక్కు గ్రుచ్చి, గసగసలు అద్దినట్లు దినములతరబడి కదలక యుండును. చిన్న పిల్లలను అది గ్రుడ్డివి చేయును, చంపును. అట్టి కోడిని చూచినవారు సాధారణముగా దానికి నూనె రాచి ఊరకుందురు. వారమునకు గోమార్లు మరల కనబడును. ఏలయన గ్రుడ్లు కోడిమీద లేవు. అవి కోళ్ళగూటి అడుగున రాలినవి. పిల్లపురుగులు, సంచులు అచ్చటనే యున్నవి. కోడిపిడుదు మరింత మొండిది. పగలు కోళ్ళగూటి పలకల సందులలో దాగి రాత్రియే వెలువడుటచే, పగలు కోడిని వెదకిన ఒక్క పెద్దపిడుదైనను దొరకదు. అన్నములేకయే సంవత్సరములు బ్రదుకగలదు. కనుక కోళ్ళను తీసివైచి గూటిని కొన్ని నెలలు ఖాళీగా నుంచినను అది చావదు. కోళ్ళగూటి అడుగుచెత్త ఊడ్చి కాల్చుటయు, పలకల సందులు సున్నముతో పూడ్చుటయు కోడికి మందు పూయుటకంటె ముఖ్యములు.

చూరులోని పిచ్చుకగూటికిని ఇదియే పద్ధతి. కూనలుండగా గూటిని లాగివేసినచో కూనలు చచ్చును. అన్నము కోల్పోయిన మైటులు ఆ రాత్రియే యింటిలోనికి దిగును. కూనలెగిరి, పెద్దవి మరల గ్రుడ్లు పెట్టకముందే పాతగూటిని తీసి, దూరముగా కాల్చినచో పిచ్చుకకును ఇంటివారికిని మేలు. పిచ్చుక రెండు మూడు దినములలో క్రొత్తగడ్డి తెచ్చుకొనును. పిల్లలు చెట్టుక్రింద దొరకిన గిజిగాని గూటిని ఆడుకొనుటకు ఇంటికి తెత్తురు. దానిని ముందు ఒక తెల్లని గుడ్డపై దులిపి, కొంతసేపు ఎండలో నుంచినచో, అందులోని రెండవకాపురము తానై గుడ్డమీదికి నడచివచ్చును. పిదప చేతులు కడుగుకొనవలెను.

నాగావళిగట్టున ఊడ్చువారు ఎవరును లేరు. ఆ పని నది చేయును. పసరికకూనలు ఎగిరిపోయిన పిదప తొలకరి పడును. ఒడిశా కొండలలో వానలు హెచ్చినప్పుడు ఎఱ్ఱనీరు గట్టునంటి పారును. తడిసిన గట్టు ఒకనాటి రాత్రి పెళ్ళలు పెళ్ళలుగా విరిగి ఏటిలో పడును. దానితో బొరియలు, వాటిలోని ఈకలు, పురుగుల రెక్కలపొడి, ఆ పొడిలో దాగిన సంచులు అన్నియు సముద్రమునకు పోవును. వరద తీసిన పిదప కోసినట్లు నిలిచిన క్రొత్తగట్టుపై రంధ్రమొక్కటియు నుండదు. వేసవి రాగానే పసరికపిట్ట దానిముందు ఎగురుచు, ముక్కుతో మొదటి మంటిరవ్వను రాల్చును.